పది నుంచి ఐదు

జూన్ 3, 1974. సోమవారం. పటమట.

ఉదయం 6–10. పేపర్లో ప్రకటన! బందరు రోడ్డులో కొత్తగా తెరిచే మహిళా సహకార దుకాణానికి లెక్కల గుమాస్తా కావాలట. ఆడవారై ఉండాలి. ఎస్సెస్సెల్సీ ప్యాసై ఉండాలి. జూన్ ముప్పయ్యో తేదీకి నలభై నిండి ఉండకూడదు. దరఖాస్తుకు ఆఖరు గడువు 29, శనివారం, సాయంత్రం అయిదు.

పామర్రు బళ్ళో మా వెంకటప్పయ్య మేష్టరుగారు పుట్టినరోజు తెలియని పిల్లలందరికీ జూలై ఒకటి వేసేవారు. నాకూ అదే వేశారు. 1934. అంటే ముప్పయ్యో తేదీకి నాకింకా నలభై నిండవు. ఒక్క రోజు తేడా! ఆ మర్నాటి నుంచి నేను ఇలాంటి ఉద్యోగాలకు పనికిరాను. ఇదే ఆఖరు అవకాశం.

నిర్ణయం: ఈ ఉద్యోగం నాదే.

చెయ్యవలసినవి: (1) సర్టిఫికెట్ నకలు. (2) కాండక్టు సర్టిఫికెట్. (3) దరఖాస్తు. (4) నేను లేకుండా బతకడం ఈ ఇంటికి నేర్పడం.

నాలుగోదే కష్టం.

మావారితో చెప్పాను. పేపరు దించకుండానే, "అనుభవం అడుగుతారు. ఏం రాస్తావ్?" అన్నారు.

"ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంటి పద్దులు రాస్తున్నానుగా."

"సరే అయితే, నీ పై ఆఫీసరుగా నేను సిఫార్సు చేస్తాలే."

ఆయన చాలాసేపు నవ్వారు. నేను నవ్వలేదు.

జూన్ 5, బుధవారం.

కాండక్టు సర్టిఫికెట్ ఇచ్చే గెజిటెడ్ ఆఫీసరు మనల్ని మూడేళ్ళుగా ఎరిగి ఉండాలట. ఇంట్లో ఉండే ఆడదాన్ని ఏ గెజిటెడ్ ఆఫీసరు ఎరుగును? తెల్లవార్లూ ఆలోచించాను. ఒక్కరే దొరికారు. పశువుల డాక్టరు సంజీవరావుగారు. మా గేదెకు మూడేళ్ళుగా ఆయనే వైద్యం.

"గేదెనైతే బాగా ఎరుగుదునండీ. మిమ్మల్ని..." అని నసిగారు.

"మీరు సూది వేసేటప్పుడు తాడు పట్టుకునేది నేనేనండీ."

"ఆ పట్టు మీదా! ముందే చెప్పొద్దూ!"

వెంటనే రాసిచ్చారు. శాంతస్వభావం, ఆరోగ్యం మంచిది, కొత్తవారిని చూసి బెదరదు. ఏ ధ్యాసలో రాశారో తెలియదు. ముద్ర మాత్రం స్పష్టంగా పడింది.

జూన్ 10, సోమవారం.

ఇవాళ్టి నుంచి రిహార్సలు. పది నుంచి ఐదు వరకు ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుంటాను. వంటింట్లో అడుగు పెట్టను. పిలిచినా పలకను.

10–00. కూర్చున్నాను. దర్జాగా ఉంది.

10–20. అత్తయ్య: "అమ్మాయ్, చింతపండు ఎక్కడ పెట్టావే?" పలకలేదు.

10–25. "ఎదురుగా కూర్చుని పలకవేమే!"

"నేను ఆఫీసులో ఉన్నానత్తయ్యా."

"ఉంటే ఉన్నావులే. ఆ ఆఫీసులోంచే చెప్పు."

10–26. చెప్పాను. బీరువా పక్క జాడీ.

1–00. పొద్దున్నే సర్దుకున్న క్యారియరు విప్పి బల్ల మీదే తిన్నాను.

5–00. వంటింట్లోకి వెళ్ళాను. పాలు పొంగి పొయ్యి ఆరింది. ఇల్లు మాత్రం నిలబడే ఉంది. మొదటి రోజు విజయం!

జూన్ 12, బుధవారం.

కిటికీలోంచి పక్కింటి గంగారత్నం చూసింది. వాళ్ళది చేపల వ్యాపారం. మనిషి మంచిది.

"అక్కయ్యగారూ, ఖాళీగా కూర్చున్నారే!"

"ఖాళీ కాదు. ఆఫీసు."

"హమ్మయ్య! మా రేషన్ కార్డు ఫారం కాస్త నింపి పెట్టండి మరి."

నింపాను. నాకూ అభ్యాసమేగా.

జూన్ 15, శనివారం.

ఇవాళ వచ్చినవారు ఏడుగురు. రేషన్ ఫారాలు మూడు. మనియార్డర్లు రెండు. కరెంటు మీటరు తిరగడం లేదని అర్జీ ఒకటి. వియ్యంకుణ్ణి తిడుతూ ఉత్తరం ఒకటి. రాయించుకున్నావిడ నాలుగు పేజీలు చెప్పింది. కుదించి ఒకటిన్నర చేశాను. తిట్లు ఏవీ పోలేదు.

నా దరఖాస్తు: పేరు రాశాను. బాగా కుదిరింది.

జూన్ 19, బుధవారం.

అరుగు నిండిపోయింది. అత్తయ్య అందరినీ వరసలో కూర్చోబెట్టి మజ్జిగ పోస్తోంది. "తోసుకోకండే! మా అమ్మాయి ఆఫీసులో ఉంది" అని గదమాయిస్తోంది. చింతపండు సంగతి అడగడం మానేసింది.

3–30. మావారు కాలవల ఆఫీసు నుంచి పెందలాడే వచ్చారు. చేతిలో నింపవలసిన ప్రయాణ ఖర్చుల టి.ఏ. బిల్లు. తిన్నగా లోపలికి రాబోయారు.

"వరసలో కూర్చోరా" అంది అత్తయ్య.

కూర్చున్నారు. నాలుగోవారు.

జూన్ 22, శనివారం.

గంగారత్నం అదే ప్రకటన ముక్క పట్టుకొచ్చింది. "ఇది చూశారా అక్కయ్యగారూ! నేనూ ఎస్సెల్సీనేగా. పెట్టి చూద్దామా?"

ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల. ఇంకా పన్నెండేళ్ళు పెట్టుకుంటూ పోవచ్చు. నాకు వారం మిగిలింది. ఆ మాట నోటిదాకా వచ్చింది. బయటికి రాలేదు. రాసిచ్చాను. ఎంత బాగా వచ్చిందంటే, చదువుతుంటే నాకే ఆ పిల్లకు ఉద్యోగం ఇవ్వాలనిపించింది.

సాయంత్రానికి సంగతి వీధంతా తెలిసింది. ఇంకో అయిదుగురు.

జూన్ 26, బుధవారం.

నాది ఇంకా రాయలేదు. కారణాలు:

(1) సిరా అయిపోయింది.

(2) మంచి కాగితం ఆఖరి తావు కూడా ఎవరికో రాసేశాను.

(3) అందరివీ రాశాక అన్నిటికన్నా మంచిది రాయడం సులువు. కనుక నాది చివర రాయడమే పద్ధతి.

మూడోది చదువుకుంటే నిజంగానే నమ్మకం కుదిరింది.

జూన్ 29, శనివారం.

2–10. రాశాను! ఒక్క కొట్టివేత లేదు.

3–15. రిక్షా ఎక్కాను.

4–05. దుకాణం. గంట ముందే! లోపలికి వెళ్ళబోతుంటే మెట్ల మీద వెనక వీధి శివపార్వతి, మరో ఇద్దరు. ఖాళీ కాగితాలతో.

"దేవుడల్లే వచ్చారు వదినా! వయసు ఎంతని రాయను?"

"నీకెంతో అంతే రాయి."

"నిజం వయసే రాసెయ్యమంటారా?"

4–30. శివపార్వతిది అయింది. 4–45. రెండోది. మూడో ఆవిడ ఈలోగా తనే మొదలుపెట్టి, తండ్రి పేరు రాయాల్సిన చోట భర్త పేరు రాసేసింది. చూస్తూ చూస్తూ అలాగే ఇవ్వనివ్వడానికి మనసొప్పలేదు. మొత్తం తిరగరాశాను. పరుగెత్తి ఇచ్చొచ్చింది.

5–02. నేను వెళ్ళాను. ప్యూను కిటికీ మూస్తున్నాడు.

"టైమైపోయిందమ్మా."

"నేను నాలుగింటి నుంచీ ఇక్కడే ఉన్నాను బాబూ. మెట్ల మీద."

"మెట్లు లెక్కలోకి రావమ్మా."

ఇంటికి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. మావారు అడగలేదు. అడగనందుకు కోపం వచ్చింది. అడిగి ఉంటే ఏడ్చేదాన్ని.

జూన్ 30, ఆదివారం.

ముప్పై తొమ్మిదేళ్ళ వయసుకు ఇదే చివరి రోజు. ఏమీ చెయ్యలేదు.

జూలై 6, శనివారం.

దుకాణం సెక్రటరీ సుభద్రాదేవిగారు వెతుక్కుంటూ ఇంటికొచ్చారు.

"పదకొండు దరఖాస్తులు వచ్చాయండీ. అందులో తొమ్మిది ఒకటే చేతిరాత! ఆ రాతా, ఆ పద్ధతీ చూసే, వాటిలో మొదట అందినది కనుక గంగారత్నాన్ని తీసుకున్నాం. తీరా చేరాక అడిగితే, రాసింది మా అక్కయ్యగారు అంటుంది. ఇంతకీ మీరెందుకు పెట్టలేదండీ?"

"పెట్టాను. మెట్ల దాకా వచ్చింది."

"వయసెంత?"

"నలభై. అయిదు రోజుల నుంచి."

"అయ్యయ్యో!" అని ఆవిడ కాఫీ మొత్తం తాగేదాకా నొచ్చుకున్నారు. వెళ్తూ వెళ్తూ, దసరాకు పటమటలోనే బ్రాంచి తెరుస్తామని, దానికి నిబంధనలూ దరఖాస్తు ఫారమూ నేనే రాసిస్తే అచ్చు వేయిస్తామని అన్నారు. "జీతమేం ఉండదనుకోండి. సేవ."

సరేనన్నాను.

జూలై 8, సోమవారం.

10–00. బల్ల దగ్గర కూర్చున్నాను. నిబంధనలు రాశాను. వయోపరిమితి: నలభై అయిదు. కాసేపు ఆలోచించి, కొట్టేసి, యాభై వేశాను. నా సంగతి నాకు తెలుసు.

10–20. నిర్ణయం: ఈసారి మొట్టమొదటి దరఖాస్తు నాదే. వీధి తలుపు గడియ పెట్టాను. కొత్త కాగితం తీశాను.

10–30. తలుపు చప్పుడు. శివపార్వతి.

"వదినా! లోపలే ఉన్నారుగా?"

"దరఖాస్తు రాస్తున్నాను. అయిదింటికి రా."

"ఎవరిది వదినా?"

"నాది."

మళ్ళీ తలుపు తట్టింది.

"ఓస్, మీదేనా! ఇంకా ఎవరిదో అనుకుని హడలిపోయాను. తలుపు తియ్యండి, నాది అర్జెంటు."

తియ్యలేదు. ఇప్పుడు టైము 10–34.