ఇస్పేటు ఆసు మీది మరక

గౌరీ, ఇంట్లో ఇన్నాళ్ళూ ఉన్నది ఒక్క కాగితం పేక. దాన్ని పారెయ్. బీరువా మీద రెండు ప్లాస్టిక్ పేకలు పెట్టాను, అవి బల్ల మీద పెట్టు, పక్కన తడిగుడ్డ ఉంచు. దుకాణంవాడు ముందు పూత పూసిన కాగితాన్నే ప్లాస్టిక్ అని అంటగట్టబోయాడు. ముక్క వంచి వదిలితే మడత నిలిచిపోయింది, వద్దన్నాను. ఇవి వంచినా తిన్నగా లేస్తాయి. నూనె అంటినా తుడిస్తే పోతుంది.

మూడింటికి సెక్టర్ 7 నుంచి మీ అన్నయ్య వస్తున్నాడు. చింతపిక్కలతో ఆడే పోకర్‌లో, ఇస్పేటు ఆసు మీద గుర్తు పెట్టాడని అందరి ముందూ అనేశాను. రెండు నెలలు మన గడప తొక్కలేదు. నిన్న ఆ మరక మీద నా బొటనవేలు ఆనించి చూశాను, సరిగ్గా సరిపోయింది. బజ్జీ తిన్న చెయ్యి నాదే. ఇందాక ఫోన్ చేసి ఒప్పుకున్నాను.

"ఏటి బావా, దొంగ నీ ఇంట్లోనే దొరికాడేటి?" అని ఒకటే నవ్వు.

బజ్జీలు ఎప్పటిలాగే వెయ్యి. హథ్‌ఖోజ్‌లో ఫ్యాక్టరీ దగ్గర సరుకు దింపించి రెండున్నరకల్లా వచ్చేస్తాను.

లెక్క కడితే పోయింది నా పంతం ఒక్కటే, వచ్చింది మీ అన్నయ్య. రేపట్నుంచి కాఫీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోకుండా నా చేతికిస్తే, అదీ లాభంలోనే రాసుకుంటాను.

గోపాలం