నీ గొంతు నమ్మినందుకు

జోవాల్,
జనవరి 19, 1994

తమ్ముడు వాలీకి,

‘ప్రియమైన’ అని రాయబోయి ఆగిపోయాను. చెయ్యి రాలేదు. ఈ ఉత్తరం చదివాక నువ్వు నన్ను అక్క అనకపోయినా నాకేం బాధ లేదు.

పోయిన బుధవారం పొద్దున మేం చేపలెండేసే బల్లల దగ్గరే ఉన్నాం. యాండే అవ్వ రేడియో ఉప్పు బస్తా మీద పెట్టి ఉంది. మన సెరేర్ భాష వార్తల్లో నీ గొంతు రాగానే అందరం చేతులాపేశాం, ఎప్పుడూ అంతే కదా. నువ్వు మంచినీళ్లు తాగినంత సులువుగా చదివేశావు. మన డబ్బు వాడే పద్నాలుగు దేశాల పెద్దలూ డకార్‌లో కూర్చుని ఒప్పుకున్నారట. ఇన్నాళ్లూ మన యాభై ఫ్రాంకులకి ఫ్రాన్సు వాళ్ల ఫ్రాంకు ఒకటి వచ్చేది, ఇకనుంచి వంద పెడితేగాని రాదట. రాత్రి పడుకున్నప్పుడు ఉన్న డబ్బు లేచేసరికి సగమైంది. నోట్లు అవే, బొమ్మలు అవే. అది చదివేసి నువ్వు వాతావరణం చెప్పావు.

యాండే అవ్వ నా వైపు తిరిగి, “అయితే మన మోటారు?” అంది. నేనేం చెప్పాలో నువ్వు చెప్పు.

ఆ మోటారు కోసం ఇరవై ఆరుమందిమి ఆరేళ్లు కూడబెట్టాం. అవ్వ అల్లుడిచ్చిన పాత పడవ ఇసుకలో బోర్లా పడి ఉంది, దానికి మోటారొక్కటే తక్కువ. అది వస్తే పడవల వాళ్ల కాళ్లావేళ్లా పడక్కర్లేదు. వాళ్లు మంచి చేపంతా ఫ్యాక్టరీ లారీలకెక్కించి, మిగిలింది మా మొహాన పారేసి, నచ్చితే తీసుకోండి లేకపోతే పొండి అనడం నువ్వు చిన్నప్పటినుంచీ చూసినదే. ఎనిమిది లక్షల ఫ్రాంకులు డిసెంబరు నాటికి నా పెట్టెలో సిద్ధంగా ఉన్నాయి. ఎంబూర్‌లో మోటార్ల కొట్టతను, ఇప్పుడే తీసుకో అమ్మా, ఏదో జరుగుతుందంటున్నారు అని చెప్పాడు కూడా. జనవరి వేట డబ్బు వచ్చాక వలలూ మోటారూ కలిపి కొంటే ధర తగ్గిస్తావా అని నేను బేరమాడుతున్నాను. అతను తల పట్టుకున్నాడు. నేనన్నాను కదా, మా తమ్ముడు రేడియోలో వార్తలు చదువుతాడు, ఫ్రాంకు విలువ తగ్గదని క్రిస్మస్ రోజు కూడా చదివాడు, మీ పుకార్లు మీ దగ్గరే పెట్టుకోండి అని. ఎంత గర్వంగా అన్నానో తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది.

ఇప్పుడదే మోటారు పదిహేను లక్షలు. అదేమీ మన ఊళ్లో తయారయ్యేది కాదుగా, జపాను నుంచి రావాలి. నూకలూ మనవి కావు, మందులూ కావు, పాలపొడీ కాదు. చివరికి డబ్బు కూడా మన దగ్గర అచ్చు కాదు. మనదల్లా ఆకలొక్కటే.

ఇదంతా నీ తప్పు కాదని సరిపెట్టుకుందామనుకున్నాను. రాసిచ్చింది చదవడమే నీ పని. కానీ మొన్న ఆదివారం పెద్దమ్మ కూతురు మారీ డకార్ నించి వచ్చింది. మీ ఇంట్లో కొత్త ఫ్రిజ్ చూసిందట, కుట్టుమిషను చూసిందట, మంచం కింద నూకల బస్తాలు ఐదు చూసిందట. ఎప్పుడు కొన్నారు వదినా అంటే, మీ ఆవిడ న్గోనే నవ్వి, “మీ అన్నయ్య తొందరపెట్టి కొత్త సంవత్సరం మొదటివారంలోనే కొనిపించాడు” అందట.

అంటే నీకు ముందే తెలుసు.

స్కూలు నుంచి రాగానే ఈ ఆడవాళ్ల ఉత్తరాలన్నీ ఈ బల్లల దగ్గర కూర్చుని నువ్వే చదివి పెట్టేవాడివి. చావు కబురొచ్చినా ఒక్క మాట దాచేవాడివి కావు. నీకు పట్నంలో చదువుకి బూట్లు కొనిచ్చింది వీళ్లే. వాలీ చదివితే నిజం అని వీళ్లకి అప్పుడు అలవాటైంది, ఇప్పుడు మునిగారు. మమ్మల్ని నిలువునా ముంచి నీ నూకలు నువ్వు మంచం కింద దాచుకున్నావు. నీ ఫ్రిజ్‌లో చల్లని నీళ్లు తాగు నాయనా.

ఇట్లు,
నిన్ను వీపున కట్టుకుని పెంచిన
సిగా

—

జోవాల్,
ఫిబ్రవరి 3, 1994

వాలీ,

నీ జవాబు డకార్ బస్సు నడిపే దెంబా కాన్ తెచ్చిచ్చాడు. బస్సు ఆపి, దిగి, ఏం మాట్లాడకుండా నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. దెంబా మాట్లాడకుండా వెళ్లడం నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్లేదు. చదివాక ఎందుకో అర్థమైంది.

నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. ‘నేను కబురు పంపానక్కా. జనవరి నాలుగున దెంబాతో పంపాను. కాగితం మీద పెడితే ఉద్యోగం పోతుంది. నా పేరెత్తకుండా, మోటారు వెంటనే కొనమని చెప్పమన్నాను. అతను చెప్పానన్నాడు’ అని రాశావు.

చెప్పాడు వాలీ. నాకు జ్ఞాపకముంది. అబద్ధమాడి నేనెక్కడికి పోతాను?

ఆ రోజు మధ్యాహ్నం మేం అన్నం గిన్నె చుట్టూ కూర్చుని ఉన్నాం. బస్సు దిగి దూరం నుంచే మొదలుపెట్టాడు. “ఏమే బానిసల్లారా, మీ డబ్బు వచ్చేవారానికి సగమైపోతుందట. ఆ మోటారేదో ఇవాళే కొనుక్కోండి. మీరు పస్తులుండి చస్తే మా ఇంట్లో చాకిరీ ఎవరు చేస్తారు?” అన్నాడు.

మన రెండు జాతులదీ వేళాకోళం చుట్టరికమాయె, తుకులేర్ వాడు సెరేర్‌ని పట్టుకుని అలా అనకపోతే ఆశ్చర్యపోవాలి. వాళ్ల తాతలు మన తాతల్ని అన్నారు, మన తాతలు వాళ్లని అన్నారు. “సగమయ్యేది మీ తుకులేర్ల బుర్ర. అదీ ఉంటే కదా. పో, నీ బస్సులో మేకలు నీకోసం బెంగపెట్టుకున్నాయి” అన్నాను నేను. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

“నిజంగా చెబుతున్నా సిగా. కొనెయ్యి.”

“మా యజమానికి ఎంత దయో చూడండే,” అన్నాను. ఇంకోసారి నవ్వారు.

అతను బస్సెక్కి వెళ్లిపోయాడు. దెంబా ఎప్పుడొచ్చినా బానిసల తిండి మీద హక్కు నాదేనంటూ నా ముందున్న పెద్ద చేపముక్క ఎత్తుకుపోతాడు కదా. ఆ రోజు గిన్నెలో చెయ్యి పెట్టలేదు. ఒంట్లో బాగా లేదేమో పాపం అనుకున్నాను. అంతకంటే ముందుకి నా బుద్ధి పోలేదు.

వారం రోజులు వాలీ. వారం ముందు ఈ చెవిన పడింది. తెల్లారి బస్సెక్కి ఎంబూర్ వెళ్తే మధ్యాహ్నానికి మోటారు ఇసుక మీద ఉండేది. నీ మీద అన్ని మాటలు రాశాను, అసలు దోషిని నేను. ఎవరి మీద అరవాలో తెలియక నిన్న ఉప్పుబుట్ట నేలకేసి కొట్టాను. తరవాత నేనే కూర్చుని ఏరుకున్నాను.

దానికి తోడు గినీ దేశం వర్తకుడు ఆ బారీ. ఎండు చేపలకి పదేళ్లుగా వస్తున్నాడు. వాళ్ల డబ్బు వాళ్లే అచ్చేసుకుంటారని, సంచీడు తెచ్చినా సబ్బుబిళ్ల రాదని మనం ఎన్ని నవ్వులు నవ్వామో నీకు తెలుసు. నిన్న వచ్చి బల్ల మీద కూర్చుని, “మా నోట్లు చిత్తుకాగితాలని నవ్వారు కదమ్మా. వాటిని చిత్తుకాగితాలు చేసుకున్నది మేమే. మీవి ఎవరు చేశారో మీకు తెలుసా?” అన్నాడు. పక్కన బుర్కినా వర్తకుడు ఉన్నాడు. అతని జేబులోనూ మన నోట్లే, అతనివీ సగమే. ఊరూ పేరూ తెలియని మనిషితో ఒకే డబ్బు పంచుకున్నందుకు వాడి దరిద్రం నాకూ నా దరిద్రం వాడికీ వచ్చింది. ఎవరికి బాగుందంటే చేపలు యూరపుకి పంపే ఫ్యాక్టరీ వాళ్లకి బాగుంది. వాళ్ల లారీలు ఇప్పుడు రోజుకి రెండుసార్లు వస్తున్నాయి, మాకు తోకలు కూడా దొరకడం లేదు.

శనివారం అందరినీ కూర్చోబెట్టి చెప్పేస్తాను. కబురు వచ్చింది, నేనే నవ్వి పోగొట్టానని చెబుతాను. పెట్టె తాళం అవ్వ చేతికిచ్చి దిగిపోతాను. నీ మీద రాసిన మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఫ్రిజ్ గురించి అన్నది కూడా.

ఇట్లు,
మొహం చెల్లని నీ అక్క
సిగా

—

జోవాల్,
ఫిబ్రవరి 27, 1994

మా వాలీకి,

ఈసారి నిదానంగా రాస్తున్నాను. కోపం తగ్గిందనుకునేవు, తగ్గలేదు. ఎవరి మీద పడాలో దానికి తెలిసింది, అంతే.

అన్నట్టే ఆ శనివారం చెప్పేశాను. నేను తాళం తీసి యాండే అవ్వ ఒళ్లో పెట్టాను. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. చాలాసేపు చేప పొలుసు గోళ్లలోంచి తీసుకుంటూ కూర్చుని, “ఫ్రిజ్ కొనమని పెళ్లానికి ఎవరిచేత చెప్పించాడు?” అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. ఎవరిచేతా కాదవ్వా, తనే చెప్పి ఉంటాడు, అన్నాను.

“అవునా. పెళ్లానికి తన నోటితో చెప్పాడు. మనకి దెంబాతో చెప్పించాడు. మన దగ్గర దెంబా మాటకి విలువ లేదని వాడికి తెలీదా? ఈ బల్లల దగ్గర పెరిగినవాడేగా?”

వాలీ, ఆ మాటతో నా కళ్లు తెరుచుకున్నాయి. డకార్‌లో బస్సు డ్రైవర్లు వందమంది ఉన్నారు. మన పాదిరీగారు నెలకి రెండుసార్లు వచ్చి వెళ్తారు. మారీ ఉంది. అందరినీ వదిలేసి, ఏం చెప్పినా మేం నవ్వాల్సిన మనిషిని ఏరి పట్టుకున్నావు. తుకులేర్ వాడి మాటకి సెరేర్ కోప్పడకూడదు, నమ్మకూడదు. ఆ ఆచారం నీకు నాకంటే బాగా తెలుసు. ఎవరైనా ఆరా తీస్తే, వేళాకోళం చుట్టరికం సార్, ఏదో అని ఉంటాడు అని తప్పుకోవచ్చు. మేం కొనుక్కుంటే నీ పుణ్యం, కొనుక్కోకపోతే నా తెలివితక్కువతనం. నీకు రెండువైపులా క్షేమమే. పాపం దెంబా మాత్రం తను సరిగ్గా చెప్పలేదని నెలరోజులు కుమిలిపోయాడు.

ఉద్యోగం పోతుందని భయపడ్డావు. భయపడటం తప్పనను, పిల్లలున్నవాడివి. కానీ డకార్ నుంచి ఇక్కడికి మూడు గంటలు. ఒక ఆదివారం చర్చి పూజకి వచ్చి, నా చెవిలో ‘అక్కా, కొను’ అని వెళ్లిపోతే ఏ అధికారికి తెలిసేది? రెండే రెండు మాటలు. పద్నాలుగు దేశాల పెద్దలకి మేమెవరమో తెలీదు. ఫ్రాన్సు వాళ్లకి అసలే తెలీదు. వాళ్లని తిడతాను, నిద్రపోతాను. నీకు మేం పేరుపేరునా తెలుసు. అందుకే నీ మీద కోపం నన్ను నిద్రపోనివ్వదు.

తాళం మళ్లీ నా దగ్గరికే వచ్చింది. ఎంత వద్దన్నా వినలేదు. నోట్లు పెట్టెలో ఉంచుకుంటే ఇంకా చిక్కిపోతాయని, సగానికి పైగా నూకలూ ఉప్పూ కొని పడేశాం. ఈ ఏడు ముస్లింల ఉపవాసాలూ మనవీ ఒకేసారి వచ్చాయి. నూకల ధర చూశాక ఊరంతా ఒకే మతమైంది.

ఇంకో సంగతి చెప్పాలి. మొన్న పదో తారీకున నువ్వు వార్తలు చదివావు. ఈ నెలలో నూనె ధర పెరిగే ప్రసక్తే లేదని, పుకార్లు నమ్మవద్దని. యాండే అవ్వ రేడియో కట్టేసి, నడుంగుడ్డ బిగించి, “పదండే,” అంది. ఇరవై ఆరుమందిమి వెళ్లి బజారులో ఉన్న నూనె డబ్బాలన్నీ కొనేశాం. షావుకారు మాకు పిచ్చెక్కిందనుకున్నాడు. ఐదురోజుల తరవాత ధర ఎంతైందో నీకు చెప్పక్కర్లేదు, అది కూడా నువ్వే చదివావు. మేం వాడుకోగా మిగిలినవి అమ్మాం. మోటారు డబ్బులో పోయినదాంట్లో కొంచెం వెనక్కి వచ్చింది. సబ్బు విషయంలో కూడా అలాగే జరిగింది. ఇప్పుడు వార్తల వేళకి పక్క బల్లల వాళ్లు కూడా మా దగ్గరికే వస్తున్నారు. నీ గొంతుకి ఇంత విలువ ఎప్పుడూ లేదు వాలీ.

నిన్న ఉపవాసం విడిచే వేళకి దెంబా వచ్చాడు. క్షమించమని నేనే అడిగాను. అతను గిన్నెలో చెయ్యి పెట్టి నా చేప తీసుకుని, “బానిసలకి ముళ్లు చాలు,” అన్నాడు. ఏడుపొచ్చింది నాకు. నీకు కూడా ఆ గిన్నె దగ్గర చోటుంది. కానీ నీ కాళ్లతో నువ్వు రావాలి, నీ నోటితో ఈ ఇరవై ఆరుమందికీ చెప్పాలి. ఎవరిచేతా కబురంపకు, ఫ్రిజ్ అమ్మి డబ్బు పంపకు. ముట్టుకోం.

అందాకా నీ ఉద్యోగం నువ్వు జాగ్రత్తగా చేసుకో. రాసిచ్చింది రాసిచ్చినట్టే చదువు. జపాను మోటార్ల ధర ఇక పెరగదని నువ్వు ఎప్పుడు చదువుతావో, ఆ పొద్దునే మేం ఎంబూర్ బస్సెక్కుతాం.

ఇట్లు,
నీ వార్తలు ఒక్కటీ వదలకుండా వినే
సిగా