దాదీ చదవలేని పేరు

తాండూరు,
ఆదివారం.

ప్రియమైన హాసినికి,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు. రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నాం కాబట్టి రాశాను. మన పూజిత సాయంత్రం హాస్టల్‌కు వస్తోంది, దాని చేత పంపుతున్నాను. చించకుండా చివరిదాకా చదువు.

శుక్రవారం స్కూలు ల్యాబ్‌లో కర్టెన్ కాలింది. గోడ మీద ఎర్ర రంగుతో "వచ్చేసారి హాస్టల్" అని రాసి, కింద ఉర్దూలాంటి గీతలు. ప్రిన్సిపాల్ ఇంకెవరినీ అడగలేదు. మొత్తం వికారాబాద్ క్యాంపస్‌లో ముస్లిం పిల్లను నేనొక్కదాన్నే కదా. మా అబ్బాను పిలిపించి, "ఇంట్లో ఈ అమ్మాయికి ఏం నేర్పిస్తున్నారు?" అన్నాడు. బండల పాలిష్ పని మధ్యలో వదిలేసి వచ్చిన మా అబ్బా చేతులు కట్టుకుని, "సార్, నా బిడ్డ గసొంటిది కాదు. జర మంచిగ సూడుండ్రి" అన్నాడు. ఆయన్ని కూర్చోమని కూడా అనలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. రేపు విచారణ, టీసీ సిద్ధంగా ఉందట. ఢిల్లీ సైన్స్ పోటీకి నా బదులు నువ్వు వెళ్తున్నావట, పూజిత చెప్పింది.

ఇంటికొచ్చాక మా దాదీకి గోడ ఫోటో చూపించాను. "గిది ఉర్దూ ఎట్లయితది? కోడి గీకినట్టుంది" అంది. అప్పుడు వెలిగింది నాకు.

నాకు ఉర్దూ మాట్లాడటమే వచ్చు హాసినీ, రాయడం రాదు. రంజాన్‌కు మా ఇంటికొచ్చి, షీర్ ఖుర్మా తిని, "నా చేతిల నీ పేరు మీ లిపిల రాయవే" అని అరచెయ్యి చాపావు. రాదనడానికి సిగ్గేసి, గోరింటాకుతో ఏవో గీతలు గీసి చుక్కలు పెట్టాను. "మస్తుందే" అని ఫోటో తీసుకున్నావు. మీ నాయన చూస్తే కోప్పడతాడని ఆరకముందే కడిగేసుకున్నావు. గోడ మీద ఉన్నవి అవే గీతలు, అవే చుక్కలు. ఏ భాషలోనూ లేవవి. నా వేలితో నా కన్నే పొడిచావు.

ఆ ఫోటో నాకు కూడా పంపావు, మరిచిపోయినట్టున్నావు. అందులో నీ చెయ్యి, నీ ఉంగరం, నీ నవ్వు అన్నీ ఉన్నాయి. రేపు దాదీని వెంటబెట్టుకుని వస్తున్నాను. ఆలోపు నువ్వే వెళ్ళి చెప్పు. చెప్పకపోతే నేను చెబుతాను. మా అబ్బా మళ్ళీ ఆ ప్రిన్సిపాల్ గదిలో చేతులు కట్టుకోడు.

నిన్నటి నుంచి దాదీ దగ్గర రాయడం నేర్చుకుంటున్నాను. నా పేరు ఇలా ఉంటుంది, బాగా చూసుకో.

عطیہ
(అతియా)