నోట రాని పేరు

నవాకా, ఫిజీ,
1914 మే

ప్రియమైన వెంకటమ్మకు,

కూలి కోసం ఈ దీవికి వచ్చిన నేను క్షేమం. అక్కడ లబాసాలో నువ్వూ, మన మోహినీ క్షేమమని తలుస్తాను.

నేనీ దేశం వచ్చి పదేళ్లు నిండాయి. ఇక ఊరికి ఓడ ఖర్చు సర్కారే ఇస్తుంది, నాతో పాటు నా బిడ్డకు కూడా. మోహినిని తీసుకుని ఈసారి ఓడకు వెళ్దామనుకుంటున్నాను. నీ గిర్మిట్ కూలి గడువు ఇంకా రెండేళ్లుందని తెలుసు. అది తీరాక నువ్వూ రావచ్చు. ఈ చెరకు తోటల్లో పెరిగితే దాన్ని ఎవరి పిల్ల అంటారు? విజయనగరం వైపు దిగితే గొర్లె వారి పిల్ల అంటారు. అక్కడ దాని పేరు మార్చి మా అమ్మ పేరు పెట్టుకుందాం.

కచేరీలో ఒక చిక్కు వచ్చింది. పుట్టుక రాసిన చోట తండ్రి పేరు లేదట. తండ్రి లేని పిల్లను నాతో ఎలా పంపుతామన్నారు. నేను నిలబడి ఉండగానే! ఆ రోజు నేను కోతలో ఉన్నాను, రాయించడానికి వెళ్లింది నువ్వు. ఏం జరిగిందో రాయి. తల్లి వచ్చి చెబితే దిద్దుతారట.

నీ
గోవిందు

లబాసా,
జూన్

ప్రియమైన మావకు,

వెంకటమ్మ దండాలు. మాటలు నావి, చేతిరాత పక్క గది మునియ్య తాతది. కవరు మీద ఎవరి పేరు రాయాలని అడిగి, నేను తల వంచుకుంటే నవ్వుకుని తనే రాశాడు.

ఆ రోజు గుమస్తా, "బాప్ కా నామ్ బోలో" అన్నాడు, తండ్రి పేరు చెప్పమని. పెనిమిటి పేరు నోటితో ఎలా చెప్పను? చెబితే నీ ఆయుష్షు తగ్గదా? మా అమ్మ చచ్చేదాకా మా నాన్న పేరు పలకలేదు. "మా ఆయన" అన్నాను. పొడుగ్గా ఉంటాడన్నాను. మూలగదిలో ఉంటాడన్నాను. వెనకున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆయన విసుక్కుని తండ్రి పేరు చోట గీత గీసేశాడు. తండ్రెవరో తెలియనిదాన్ననుకున్నాడని తర్వాత అర్థమై ఏడ్చాను.

మావా, మోహినికి ఇంకా మూడేళ్లు నిండలేదు. పిల్లలతో హిందీ, నాతో తెలుగు. యేటి దగ్గర ఫిజీ ఆడవాళ్లు "బులా" అని పలకరిస్తే తనూ "బులా" అంటుంది. ఇంకో పేరు పెట్టి పిలిస్తే అది తిరిగి చూస్తుందా?

దొర చీటీ ఇవ్వకుండా నేను తోట దాటకూడదు. తెల్లారితే పనికి తరిమే సర్దార్ కేక, పొద్దుగూకితే ఈ ఇరుకు గది. అది వచ్చి మెడ చుట్టూ చేతులు వేస్తేనే నేను మనిషినని గుర్తొస్తుంది. దాన్నీ తీసుకుపోతే ఎలా బతకను? రెండేళ్లు ఆగవా?

నీ
వెంకటమ్మ

లౌటోకా,
జులై

వెంకటమ్మకు,

ఆగమంటున్నావు. పదేళ్లు ఆగాను. ఇప్పుడు ఈ రేవుకు వచ్చి మూటలు మోస్తూ, కనిపించిన ప్రతి ఓడనూ చూస్తున్నాను. నాకిక్కడ ఊపిరాడటం లేదు. దాచడం ఎందుకు, ఎక్కితే మళ్లీ ఈ దీవుల మొహం చూడను. పిల్ల నాతో ఉంటే నువ్వు తప్పకుండా వస్తావని నా ధైర్యం.

ఉన్న తండ్రిని లేకుండా చేసింది నువ్వే. ఈ నెలాఖరుకే ఓడ. కచేరీకి వెళ్లు, నా పేరు చెప్పు. నా ఆయుష్షు సంగతి నేను చూసుకుంటాను.

గోవిందు

లబాసా,
జులై

ప్రియమైన గోవిందుకు,

పైన నీ పేరు చెప్పగానే మునియ్య తాత కలం ఆపి నా మొహం చూశాడు. రాయి తాతా అన్నాను.

తోట మీద పెత్తనం చేసే కులంబర్ దొర కాళ్లావేళ్లా పడి చీటీ సంపాదించాను. మోహినిని చంకనేసుకుని కచేరీకి వెళ్లాను. అదే గుమస్తా, అదే ప్రశ్న. "గోవిందు. గొర్లె గోవిందు" అన్నాను, బయటున్న వాళ్లకు కూడా వినిపించేలా. రాసుకున్నారు.

తర్వాత లోపలి దొర మన పెళ్లి గురించి అడిగించాడు. తాళి కట్టాడు, మునియ్య తాత అక్షింతలు వేశాడు అన్నాను. "సర్కారులో రాయించారా?" లేదన్నాను. అయితే ఈ దేశపు చట్టానికి అది పెళ్లి కాదు, పిల్ల తల్లిది, పంపాలో వద్దో తల్లే చెప్పాలి అన్నాడు. నా మెడలో తాళి తాళే కాదని చెప్పింది ఒక పరాయివాడు. అయినా ఆ మాటే పట్టుకున్నాను. పంపను అన్నాను.

నువ్వు అడిగినట్టే దానికి తండ్రి ఉన్నాడు. పుట్టిన ఊరు లబాసా అని కూడా రాశారు. దాని పేరు మోహిని. ఇందులో ఏదీ తీసేయడానికి నేను ఒప్పుకోను.

నీకు ఊపిరాడటం లేదన్నావు, నమ్ముతాను. నాకూ ఆడటం లేదు. ఉండాలనిపిస్తే సావుసావు రేవు మీదుగా ఇక్కడికి పడవ ఉంది, రా. గది అదే. వెళ్లాలనిపిస్తే వెళ్లు, శాపనార్థాలు పెట్టను. కానీ పలకకూడనిది పెనిమిటి పేరు. ఓడెక్కి వెళ్లిపోయిన మనిషి పేరుకు అడ్డేముంది? మీ నాన్న ఎవరని రేపు ఎవరైనా మోహినిని అడిగితే అది నా మొహం చూస్తుంది. నేను చెబుతాను. ఇప్పుడు నాకు చెప్పడం వచ్చింది.

మోహిని తల్లి
వెంకటమ్మ