జవాబు ఇవ్వకండి, మామయ్యగారూ

మామయ్యగారూ,

మీరు కునుకు తీస్తున్నారని లేపలేదు. కుట్టుపనికి షాపుకి వెళ్తున్నాను, ఏడింటికల్లా వచ్చేస్తాను. టీ ఫ్లాస్కులో పోసి పెట్టాను.

ఆ ఆన్‌లైన్ జూదం వాళ్ల మెసేజ్‌లకి ఇక జవాబు పెట్టకండి, లింకులు అసలే నొక్కకండి. ఇవాళ మీ ఫోనులో పదకొండు నంబర్లు బ్లాక్ చేశాను. మీరు జవాబిచ్చిన కొద్దీ ఈ నంబరు వాడకంలో ఉందని తెలిసి ఇంకో పదిమంది ఎగబడతారు. ఆఫీసులో ముప్పై ఏళ్లు వచ్చిన ప్రతి ఉత్తరానికీ జవాబు రాశారు, నిజమే. కానీ వీటిని పంపేది మిషను, అవతల మనిషే లేడు. ఎన్నిసార్లు చెప్పాను! నా మాట చెవికెక్కితేగా.

బ్లాక్ చేస్తూ మీరు రాసినవి చదివాను. "మీరు లేక వెలితిగా ఉంది, తిరిగి రండి" అని వాళ్లు పెడితే, "నేనెక్కడికీ వెళ్లలేదు బాబూ, కిటికీ దగ్గరే ఉన్నాను. ఇక్కడ మబ్బు పట్టింది. మీ దగ్గర ఎలా ఉంది?" అని రాశారు. చదివి మీ వైపు చూశాను. కిటికీ తెర గాలికి ఉబ్బి, మీ మీదుగా మెల్లగా తేలుతోంది. ఫోను మోగినప్పుడల్లా, ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు, మీరు నిద్రలోనే నవ్వుతున్నారు.

బస్సుకి టైమైపోయింది.

అన్నట్టు, ఫోనులో నెల రోజులవీ వెతికాను. మీ అబ్బాయి నుంచి గానీ, నా నుంచి గానీ ఒక్క మెసేజూ లేదు. షాపుకి చేరగానే అక్కడ మబ్బు పట్టిందో లేదో రాస్తాను. దానికి మాత్రం జవాబివ్వండి.