ముత్యం సంతతి

పామర్రు,
14-6-1946.

చిరంజీవి సౌభాగ్యవతి వెంకటరత్నమ్మను మీ నాన్న దీవించి రాసేది. ఇక్కడ మీ అమ్మ, నేను, పాడి అంతా క్షేమం. వాల్తేరులో నువ్వూ అల్లుడుగారూ అలాగే ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాం.

అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. కాలువకి నీళ్లు వదిలారని విని రేవుదాకా నడిచి వెళ్లి చూసి వచ్చింది. దాన్నిబట్టి నువ్వే అర్థం చేసుకో. సాయంత్రాలు నేనూ గట్టున కూర్చుంటున్నాను. కొత్తనీళ్లు ఎర్రగా, మెల్లగా పోతుంటే, నీళ్లు నిలిచి ఉన్నట్టూ నేనే ఎటో కదిలిపోతున్నట్టూ ఉంటుంది.

అల్లుడుగారు రైలు డ్యూటీమీద వెళ్లినప్పుడు తోడుకి ఒక కుక్కపిల్ల కావాలన్నావు. ‘బందరు డాక్టరుగారింట్లో మన ముత్యం సంతతి ఏదైనా ఉంటే అడుగు నాన్నా’ అని రాశావు. ఆ ముక్క దగ్గర నాలుగు రోజులు ఆగిపోయాను. తర్వాత బందరు కాదు, బెజవాడ వెళ్లాను.

స్టేషను బయట జక్కయ్య అనే అతను గంపలో కుక్కపిల్లల్ని పెట్టుకుని కూర్చున్నాడు. ముత్యంలాగే పొడుగు చెవులు, పట్టులాంటి బొచ్చు. తల్లిని చూపించమన్నాను.

“తల్లితో ఏం పనండీ బాబూ? పెంచుకునేది పిల్లనా, దాని అమ్మనా? నుదుట సుడి చూడండి. ఈ సుడి ఉన్నది గడప దాటి లోపలికొస్తే సిరే!”

సుడి అనేసరికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అక్కడి టీ కొట్టువాడు, ఇదే జాతి కుక్కల్ని పెంచే అంతోనిగారి పేరు చెప్పాడు. రైలింజను నడిపి రిటైరైన మనిషి. ఇంటికి వెళితే ఆయన రెండు తల్లికుక్కల్ని చూపించాడు, వాటి తల్లుల్ని కూడా చూపించాడు. తర్వాత ఒక నోటు పుస్తకం తెచ్చాడు. పుట్టిన ప్రతి పిల్లా అందులో ఉంది. ఏది ఎవరింటికి వెళ్లింది, దేనికి ఎన్నో నెలలో చూపు మందగించింది, అంతా. నీ పెళ్లికి ముందు అల్లుడుగారి వంశం గురించి వాకబు చేసినంత శ్రద్ధగా చదివాను.

“ఈ జాతికి కళ్ల జబ్బు వస్తుందండీ. రాదన్నవాడి దగ్గర కొనకండి. ఇదుగో, దీని అన్నకి చూపు పోయింది. అందుకని దీన్ని మగదానితో కట్టించడం మానేశాను. ఆ రెండోది శ్రావణంలో పిల్లల్ని పెడుతుంది. ఆగుతారా?”

ఆగుతానన్నాను.

“ఇదివరకు కుక్కని పెంచారా?”

“పెంచాం. బందరులో ఒకరికి ఇచ్చేశాం.” అలవాటైన మాట, దానంతటదే వచ్చింది.

ఆయన పుస్తకం మూసేశాడు. “ఇచ్చేసే ఇంటికి నేను పిల్లనివ్వనండీ. వెళ్లి రండి.”

గేటుదాకా వెళ్లి, తిరిగి వచ్చాను. పన్నెండేళ్లుగా మీ అమ్మకి తప్ప ఎవరికీ తెలియని సంగతి ఆయనకి చెప్పాను. ఇప్పుడు నీకు చెబుతున్నాను.

అమ్మా రత్నం! ముత్యం బందరు వెళ్లలేదు. ఎడ్లని కొన్నట్టు నుదుట సుడి, తోక తీరు చూసి దాన్ని ఆ స్టేషను దగ్గరే కొన్నాను. తల్లి ఏదని అడగాలని తోచలేదు. నువ్వు వేసవికి అమ్మమ్మగారి ఊరు వెళ్లినప్పుడు దాని కళ్లు తెల్లబడ్డాయి. ఒకరోజు దారి తెలియక కాలువలో పడిపోయింది. గట్టుమీదే పూడ్చాను. నీకప్పుడు ఎనిమిదేళ్లు. డాక్టరుగారు ముచ్చటపడి సముద్రం దగ్గరికి తీసుకెళ్లారన్నాను. “ఇవాళ అలల్లోకి దిగిందా నాన్నా?” అని రోజూ అడిగేదానివి. దిగిందనేవాణ్ణి. పీతల్ని తరిమిందనేవాణ్ణి. నీకు నేను చెప్పిన కథ అదొక్కటే.

అంతోనిగారు ముత్యం పేరు కూడా పుస్తకంలో రాసుకున్నాడు. “అమ్మాయికి తెలుసా?” అన్నాడు. తెలియదన్నాను. “పెంచేది ఆవిడ కదండీ. ఇదంతా తెలిశాక, పిల్ల కావాలో వద్దో ఆవిడే రాయాలి.” ఆయన చిరునామా రాసిన కార్డు ఇందులో పెట్టాను. కోపం వస్తే నాకు రాయకపోయినా సరే. ఆయనకి మాత్రం రాయి.

తిరిగి వస్తూ పామర్రులో బస్సు దిగలేదు. బందరు వెళ్లాను. నేను అంతకుముందు సముద్రం చూడనేలేదు, రత్నం. నీకు చెప్పినట్టు లేదు. నీళ్లు మన కాలువ రంగే. కాసేపు నిలబడ్డాను. తడి ఇసుకమీద ఏదో కుక్క అడుగులు అలలవైపు వెళ్లాయి. వాటి వెంట నీళ్లు పాదాలకి తగిలేదాకా నడిచాను.

ఇట్లు,
మీ నాన్న
తిరుపతిరావు