మెడ వెనక అల్లిన జడ

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. అప్పుడు నాన్న గుండు చేయించుకోమంటే మూఢాచారమని నాస్తికుల కరపత్రం చదివి వినిపించాను. ఆయన నాతో మాటలు మానేశాడు. ఆయన కోసమే ఈ పొద్దున తెరుబలి ఊళ్లో మంగలి అప్పన్న ముందు కూర్చున్నాను.

మెడ వెనక లొంగని ఉంగరాల జుట్టుకి ఆముదం రాసి, సన్నగా జడ అల్లేదానివి గుర్తుందా? నీ తర్వాత ఆ జుట్టుని ఎవరూ అల్లలేదు, ఆముదమూ రాయలేదు.

అప్పన్న నవ్వాడు. "ఏటి బాబూ, ఆడపిల్లలాగ జడేటి? ఆముదం ఇంకా ఆరనేదు. ఎవలల్లేరు?"

వెనక అద్దం పట్టి చూపించాడు. నీ అల్లికే.

"కత్తి పడితే ఊరుకోను!" అని అరిచి లేచి వచ్చేశాను.

నాన్న ఇంకా మాట్లాడడం లేదు. దయ్యాలు లేవనే ఇప్పటికీ వాదిస్తాను. కానీ ఇకమీదట తల దువ్వుకునేటప్పుడు మెడ వెనక్కి చెయ్యి పోనివ్వను, నీ వేళ్లు తగులుతాయేమోనని.